పారేసే టెంకలో ఐదుగురు మనుషులు

ఈసారి ఎరువుల గురించీ కాదు, మార్కెట్ రేట్ల గురించీ కాదు. టెంక గురించి. పోస్టు కాస్త పెద్దదే, టీ పెట్టుకుని తీరిగ్గా కూర్చోండి.

పండు తిన్నాక టెంకను మనం ఏం చేస్తాం? విసిరేస్తాం. చిన్నప్పుడైతే అంత తొందరగా విసిరేవాళ్లం కాదు. తొలకరి వానకు పెంటదిబ్బ మీద మొలకెత్తిన మామిడి టెంకను తెచ్చి (కొన్ని ఊళ్లలో ముట్టె అంటారు), లోపలి జీడిని బండ మీద అరగదీసి, పీక చేసి ఊదేవాళ్లం. ఇంట్లో పెద్దవాళ్లు తిట్టేదాకా ఊదేవాళ్లం. ఇది మన ఒక్కళ్ల ఆటే అనుకునేరు. బెంగాల్లో బిభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన 'పథేర్ పాంచాలి' నవలలో ఒక భాగానికి పేరే 'మామిడి టెంక పీక'. పిల్లల కోసం ఆ నవలను కుదించి అదే పేరుతో వేస్తే, ఆ పుస్తకానికి బొమ్మలు గీసింది కుర్రవాడైన సత్యజిత్ రాయ్. ఆ బొమ్మలు గీస్తున్నప్పుడే దాన్ని సినిమాగా తీయాలన్న ఆలోచన పుట్టింది. 1955లో వచ్చిన ఆ సినిమా సంగతి మీకు తెలిసిందే.

ముంజలు తిన్నాక మిగిలిన కాయలకు పుల్ల గుచ్చి బండి చేసేవాళ్లం. చింతపిక్కలను ఒక వైపు తెల్లగా వచ్చేదాకా అరగదీసి పందేలు ఆడేవాళ్లం. తాటి టెంకను పాతిపెట్టి తేగలు తినేవాళ్లం. ఇన్ని చేసినా ఒకటి గమనించండి. అరగదీయడం ఉంది, గుచ్చడం ఉంది, పాతడం ఉంది. కత్తి పట్టుకుని టెంక మీద బొమ్మ చెక్కడం మాత్రం మనకు అలవాటు లేదు. కారణం మన టెంకలోనే ఉంది. మామిడి టెంక అంతా పీచు. అంటు కత్తితో గీస్తే పీచు లేస్తుంది తప్ప గీత పడదు. మన బొమ్మల వాళ్లు మెత్తటి కర్రకే వెళ్లారు. కొండపల్లికి తెల్లపొణికి, ఏటికొప్పాకకు అంకుడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మొన్న టౌన్లో పళ్ల బండి మీద పీచ్ పండ్లు కనిపిస్తే అరకిలో తెచ్చాను. హిమాచల్ వైపు నుంచి వచ్చే సరుకు. పేరు పీచ్ అయినా, టెంకలో మన పీచు ఉండదు లెండి. పండు తిన్నాక టెంకను కడిగి ఎండబెట్టి చూశాను. రాయి లాంటిది. పైనంతా గుంటలు, వంకరటింకర గాళ్లు, ముసలివాడి ముఖంలా ఉంది. మీరు జామకాయ తింటుంటే విత్తనాల చుట్టూ ఉన్న కండలో పంటి కింద గరగరమంటుందే, అది గట్టిపడిన కణాల పని. వాటిని రాతి కణాలు అంటారు. పీచ్ టెంక దాదాపు అలాంటి కణాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి తయారైన గోడ. కర్రలో నార ఒక దిక్కుగా పోతుంది కాబట్టి, ఎదురు గీస్తే చీలుతుంది. ఈ టెంకకు ఆ బాధ అంతగా లేదు. ఎటు గీసినా సూది మొనంత గీత కూడా నిలుస్తుంది. గట్టిగా ఉంటుంది, ఎండితే కుళ్లదు, పైసా ఖర్చు లేదు. చిన్న చాకు, మంచి కళ్లు, బోలెడు ఓపిక ఉంటే చాలు.

పీచ్ పుట్టిల్లు చైనా. శాస్త్రవేత్తలు పెట్టిన పేరులో పర్షియా ఉంటుంది గానీ అది పొరపాటు. యూరప్ వాళ్లకు పర్షియా మీదుగా చేరింది కాబట్టి ఆ పండు అక్కడిదే అనుకున్నారు. చైనాలో జెజియాంగ్ అనే రాష్ట్రంలో తవ్వకాల్లో దాదాపు 8000 ఏళ్ల నాటి పీచ్ టెంకలు దొరికాయి. ఆ చెట్టంటే వాళ్లకు మనకు వేపంత. దాని కర్ర, దాని టెంక దయ్యాలను తోలేస్తాయని నమ్మకం. టెంకను చిన్న బుట్టలా చెక్కి పిల్లల ఒంటికి కట్టేవాళ్లు, మనం దిష్టి తాడు కట్టినట్టు. టెంక మీద చెక్కడం అక్కడ పెరిగిందంటే ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు అసలు కథ. 1622 శరదృతువు. చైనాలో మింగ్ వంశం చివరి రోజులు. చాంగ్‌షూ అనే ఊరి దగ్గర వాంగ్ షూయువాన్ అనే చెక్కుడు పనివాడు ఉండేవాడు. ఇంచీ అడ్డకొలత ఉన్న కర్ర మీద, టెంక మీద ఇళ్లు, గిన్నెలు, మనుషులు, పక్షులు, జంతువులు చెక్కేవాడు. అతను సన్నగా పొడుగ్గా ఉన్న పీచ్ టెంకను ఒకదాన్ని ఏరి, దాన్ని పడవగా చెక్కాడు. వెయ్ షూయీ అనే చదువుకున్న యువకుడికి బహుమతిగా ఇచ్చాడు.

వెయ్ షూయీ ఏం చేశాడో తెలుసా? అద్భుతం, అమోఘం అని పొగిడి ఊరుకోలేదు. కూర్చుని లెక్కపెట్టాడు. మనం పంట చేతికొచ్చాక బస్తాలు లెక్కపెట్టినట్టు, ఆ పడవలో ఎన్ని ఏమేం ఉన్నాయో ఒక చిన్న వ్యాసంగా రాశాడు. పడవ పొడుగు ఒక ఇంచీ దగ్గర దగ్గర. ఎత్తు రెండు వరిగ గింజలంత. అవును, మన చిరుధాన్యాల్లో ఉన్న వరిగే. చైనాలో పాతకాలంలో చిన్న కొలతలకు వరిగ గింజను వాడేవాళ్లు.

మధ్యలో గది, దాని మీద ఆకుల కప్పు. గదికి ఈ పక్క నాలుగు, ఆ పక్క నాలుగు, మొత్తం ఎనిమిది చిన్న కిటికీలు. అవి ఉత్తుత్తి గీతలు కావు, తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. తెరిస్తే అవతల చెక్కిన కటకటాలు కనిపిస్తాయి. మూస్తే తలుపుల మీద నీలి రంగు నింపిన అక్షరాలు.

ముందు భాగంలో ముగ్గురు కూర్చున్నారు. నడుమ ఎత్తు టోపీ, గుబురు గడ్డంతో ఉన్నది సు డాంగ్‌పో అనే కవి. ఒక పక్క ఫోయిన్ అనే బౌద్ధ భిక్షువు, ఇంకో పక్క హువాంగ్ అనే కవి మిత్రుడు. కవులిద్దరూ కలిసి ఒక కాగితపు చుట్ట చూస్తున్నారు. సు కుడిచెయ్యి చుట్ట కొసను పట్టుకుంటే ఎడమచెయ్యి స్నేహితుడి వీపు మీద ఉంది. స్నేహితుడు వేలు పెట్టి ఏదో చూపిస్తున్నాడు. పక్కపక్కనే కూర్చున్న ఇద్దరి మోకాళ్లు ఆనుకున్నాయి, ఆ మోకాళ్లు బట్టల మడతల్లో దాగాయి. భిక్షువుకు ఈ కబుర్లు పట్టలేదు. చొక్కా విప్పుకుని, తల పైకెత్తి కూర్చున్నాడు. చేతికి జపమాల ఉంది. దాని పూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చట.

నాకు మాత్రం వెనక భాగంలో ఉన్న ఇద్దరు పడవ వాళ్లంటే ఇష్టం. ఒకడు జుట్టు ముడేసుకుని, ఒక చెయ్యి అడ్డకర్ర మీద వేసి, ఇంకో చేత్తో కాలి బొటనవేలు పట్టుకుని, ఆకాశం కేసి చూస్తూ ఈలో కేకో వేస్తున్నట్టు ఉన్నాడు. పనిలేని మధ్యాహ్నం చెరువు గట్టు మీద మనమూ అలాగే కూర్చుంటాం. రెండోవాడి చేతిలో తాటాకు లాంటి ఆకుతో చేసిన విసనకర్ర. ఇంకో చెయ్యి పొయ్యి మీద. పొయ్యి మీద కెటిల్. కళ్లు దించి, చప్పుడు చెయ్యకుండా, టీ మరిగిందా లేదా అని చెవి పెట్టి వింటున్నట్టు ఉన్నాడట. ఒక్కసారి ఆలోచించండి. ఇంచీ టెంకలో మనిషిని చెక్కడం ఒక ఎత్తు. ఆ మనిషి చేత వినిపించడం ఇంకో ఎత్తు.

పడవ అడుగున సంవత్సరం, రుతువు, ఊరు, తన పేరు చెక్కాడు వాంగ్. ఆ గీతలు దోమ కాళ్లంత సన్నం. పక్కన ఎర్ర రంగుతో చిన్న ముద్ర. చివరికి వెయ్ మొత్తం కూడాడు. మనుషులు ఐదుగురు, కిటికీలు ఎనిమిది, కప్పు ఒకటి, తెడ్డు ఒకటి, పొయ్యి ఒకటి, కెటిల్ ఒకటి, కాగితపు చుట్ట ఒకటి, జపమాల ఒకటి, అక్షరాలు 34. ఇంతా చేసి పడవ ఇంచీ దాటలేదు.

ఇందులో కవి ఎందుకొచ్చాడు అంటారా? సు డాంగ్‌పో 1082లో స్నేహితులతో పడవెక్కి ఎర్రకొండ చరియ కిందికి వెళ్లాడు. ఆ రాత్రుల మీద రెండు వచన కావ్యాలు రాశాడు. చైనాలో చదువుకున్న వాళ్లందరికీ అవి నోటికి వచ్చు. అతిథుల పేర్లు ఆయన రాయలేదు, వాళ్లను పడవలో కూర్చోబెట్టింది చెక్కినవాడే. ఇంకో ముఖ్యమైన సంగతి, మన పేజీకి తగినది. ఆయన అసలు పేరు సు షి. ప్రభుత్వాన్ని ఎత్తిపొడుస్తూ కవిత్వం రాశాడని జైల్లో వేసి, తర్వాత హువాంగ్‌జౌ అనే మారుమూలకు పంపేశారు. జీతం చాలక అక్కడ తూర్పు వైపు బీడు పొలం ఒకటి బాగుచేసి వ్యవసాయం చేశాడు. డాంగ్‌పో అంటే తూర్పు వాలు. తన చేను పేరునే తన పేరుగా పెట్టుకున్నాడు. సాహిత్యంలో ఆయన ఇప్పటికీ ఆ చేను పేరుతోనే బతికున్నాడు.

లెక్కలు ఇష్టమైన వాళ్లకు ఇంకొకటి. చైనా వాళ్లకూ మనలాగే అరవై ఏళ్ల చక్రం ఉంది. కవి పడవెక్కిన 1082కూ, టెంక చెక్కిన 1622కూ మధ్య 540 ఏళ్లు. అంటే సరిగ్గా తొమ్మిది చక్రాలు. రెండు సంవత్సరాలకూ వాళ్ల పంచాంగంలో ఒకటే పేరు. మన లెక్కను వెనక్కి నడిపిస్తే అది దుందుభి. మనలో 1982లో పుట్టిన వాళ్లు కూడా ఆ సంవత్సరం వాళ్లే. వాంగ్ ఆ ఏడాదే ఆ పడవను చెక్కడం కాకతాళీయం అని నేను అనుకోను. మనం జయంతులు చేసుకున్నట్టు అతను టెంకతో చేసుకున్నాడు.

ఇప్పుడు కథ చేదుగా మారుతుంది.

అప్పటి చక్రవర్తి పేరు త్యెన్‌చీ. ఆయనకు రాజ్యం కన్నా వడ్రంగం ఇష్టం. నేను కల్పించడం లేదు, చరిత్రకారులు రాసిందే. రంపం, బాడిసె, చిత్రిక పట్టుకుని రోజంతా కొయ్యపని చేసుకునేవాడు. పని తెలిసినవాడే కూడా. ఆయన పనిలో మునిగి ఉన్న సమయం చూసి వెయ్ జోంగ్‌షియెన్ అనే నపుంసక అధికారి కాగితాలు పట్టుకొచ్చేవాడని, "మీరే చూసుకోండి" అనిపించుకుని వెళ్లేవాడని చెప్తారు. అలా రాజ్యం మొత్తం వాడి చేతిలోకి పోయింది. ఎదురు మాట్లాడిన అధికారులను జైల్లో వేసి చంపించాడు. వాళ్లలో ఒకడు వెయ్ దాజోంగ్. అతను మన వ్యాసం రాసిన వెయ్ షూయీకి తండ్రి. చంపించినవాడిదీ చచ్చినవాడిదీ ఇంటిపేరు ఒకటే, చుట్టరికం మాత్రం లేదు.

1625లో లంచం తీసుకున్నాడని అబద్ధపు నేరం మోపి తండ్రిని పట్టుకుపోయారు. కొడుకు వెంట వస్తానంటే తండ్రి ఒప్పుకోలేదు. అయినా మారుపేరుతో, చాటుగా రాజధాని దాకా వెళ్లాడు. విడిపించడానికి ఎంత తిరిగినా లాభం లేకపోయింది. చిత్రహింసలకు తండ్రి జైల్లోనే పోయాడు. కొడుకు ఆ పెట్టెను ఇంటికి మోసుకొచ్చి, పగలూ రాత్రీ ఏడ్చి ఏడ్చి కొద్ది కాలానికే పోయాడు. రెండేళ్లు తిరక్కుండానే చక్రవర్తీ పోయాడు, కొత్త చక్రవర్తి దెబ్బకు ఆ నపుంసక అధికారి ఉరేసుకున్నాడు. చచ్చిపోయిన తండ్రికి మళ్లీ గౌరవం ఇచ్చారు. ఎవరికి పనికొచ్చింది?

ఒకే రాజ్యంలో ఒకే కాలంలో కత్తి పట్టిన చేతులు రెండు. ఒకటి సింహాసనం మీద కూర్చోవలసిన మనిషిది, ఇంకొకటి పేరు లేని పనివాడిది. చక్రవర్తికి చెక్కడం రాదని ఎవరూ అనరు. కానీ ఆయన కొయ్య మీద వంగి ఉన్నప్పుడు బయట మనుషులు చస్తున్నారు.

టెంక పడవ మనదాకా రాలేదు. ఏ ఇంట్లో, ఏ గొడవల్లో, ఏ బీరువా వెనక పోయిందో. వెయ్ రాసిన ఆ చిన్న వ్యాసం మాత్రం మిగిలింది. ఇప్పుడు చైనాలో హైస్కూలు లోపే పిల్లలందరూ దాన్ని పాఠంగా చదువుతారు. తండ్రి కోసం ఏడ్చి చచ్చిపోయిన ఒక కుర్రవాడు, అంతకు కొద్ది ఏళ్ల ముందు తీరిగ్గా కూర్చుని కిటికీలు లెక్కపెట్టాడు కాబట్టి వాంగ్ షూయువాన్ పేరు మిగిలింది.

కంటితో చూడాలంటే ఇంకో పడవ ఉంది. 1737లో చెన్ జూజాంగ్ అనే పనివాడు చెక్కింది, తైపేలో ఉన్న నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. ఇది కూడా సు డాంగ్‌పో పడవే. పొడుగు 3.4 సెంటీమీటర్లు, ఎత్తు 1.6. మనుషులు ఎనిమిది మంది. కిటికీలు తెరుచుకుంటాయి. అడుగున ఆ కవి రెండో కావ్యం మొత్తం, 300కు పైగా అక్షరాలు. ఇతను గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చి రాజుగారి కార్ఖానాలో చేరినవాడు. పడవ అడుగున సంవత్సరంతో పాటు "మీ సేవకుడు" అన్న వినయంతో పేరు చెక్కాడు. రాజు ఖజానాలో పడింది కాబట్టి ఆ పడవ బతికింది.

ఇది పీచ్ టెంక కాదు. చైనా ఆలివ్ అంటారు, మనం సీసాల్లో చూసే నూనె ఆలివ్‌కు దానికి సంబంధం లేదు. మన అడవుల్లో బంక కారే అందుగు చెట్టు ఉందే, ఆ కుటుంబం. టెంక రెండు కొసలా మొనదేలి, నడుమ ఉబ్బి ఉంటుంది. ముందే పడవ ఆకారం. గ్వాంగ్‌డాంగ్‌లో జెంగ్‌చెంగ్ వైపు నల్ల రకం తోటలున్నాయి. కండను ఊరబెట్టుకుంటారు, టెంక పగలగొట్టి లోపలి పప్పును పిండివంటల్లో వేస్తారు. చూడండి, ఇక్కడ రైతుకు ఒక తిరకాసు ఉంది. పప్పు కావాలంటే టెంక పగలాలి. చెక్కుడుకు కావాలంటే టెంక నిండుగా ఉండాలి. రెండూ కుదరవు.

సరే. వాంగ్‌కు చూసి రాసేవాడు దొరికాడు, చెన్‌కు దాచే రాజు దొరికాడు. కత్తి పట్టిన చెయ్యి ఆడమనిషిదైతే, ఎవరూ దాచకపోతే ఏమవుతుంది? అది చూడాలంటే వందేళ్లు వెనక్కి, ఇటలీలో బొలోన్యా అనే ఊరికి పోవాలి.

ప్రొపెర్జియా దె రోస్సి 1490 ప్రాంతంలో పుట్టింది. అప్పట్లో శిల్పం నేర్చుకోవాలంటే ఒక గురువు కార్ఖానాలో ఏళ్ల తరబడి పడి ఉండాలి. ఆడపిల్లను ఎవరు చేర్చుకుంటారు? పాలరాయి కొనాలంటే డబ్బు. దాన్ని మోయడానికి మనుషులు. పీచ్ టెంకకు ఇవేవీ అక్కర్లేదు. భోజనం అయ్యాక పళ్లెంలో ఉంటుంది. ఎవరి అనుమతీ అవసరం లేదు. ఆమె అలా మొదలుపెట్టింది. ఒక్క టెంక మీద క్రీస్తు శిలువ ఘట్టం మొత్తం, లెక్కలేనంత మంది మనుషులతో చెక్కిందని రాశారు. గ్రాస్సి అనే గొప్పింటి వాళ్లకు చేసిన పని ఒకటి ఇప్పటికీ బొలోన్యా మ్యూజియంలో ఉంది. వెండి తీగతో అల్లిన రెండు తలల గద్ద, దాని ఒంట్లో పొదిగిన 11 టెంకలు. ఒక్కో టెంకకు రెండు వైపులా బొమ్మలు, ఒక వైపు క్రీస్తు శిష్యులు, ఇంకో వైపు పుణ్యస్త్రీలు.

టెంకల మీద పేరొచ్చాక పాలరాతి పని దొరికింది, ఆ ఊరి పెద్ద చర్చి ముఖద్వారానికి. అక్కడ ఆమె చెక్కిన శిల్పం చూసి ఊరంతా మెచ్చుకున్నారు, ఒక్కడు తప్ప. అమికో అనే తోటి కళాకారుడు చర్చి పెద్దల దగ్గర ఆమె మీద చాడీలు చెప్పి చెప్పి, చివరికి ఆమెకు నికృష్టమైన కూలి ఇచ్చేలా చేశాడని ఆ కాలపు రచయిత వసారి రాశాడు. చేసిన పనికి సరైన ధర రాకపోవడం మనకు కొత్త సంగతి కాదు కదా. ఆమె ఏమీ మెతక మనిషి కాదు. పొరుగువాళ్ల తోట పాడుచేసిందని 1520లో ఆమె మీద కేసు నడిచింది. తోట ఉన్నవాడిగా ఆ విషయంలో నేను ఆమె వైపు మాట్లాడలేను.

చివరి రోజుల్లో డబ్బు లేదు, ఆరోగ్యం లేదు. బీదల ఆసుపత్రిలో చేరింది. 1530 ఫిబ్రవరిలో పోప్ ఏడో క్లెమెంట్ బొలోన్యాలో చక్రవర్తికి కిరీటం పెట్టాడు. ఆమె గురించి విని, ఎక్కడుంది, పిలవండి అన్నాడట. ఆ వారమే చనిపోయిందని చెప్పారు. నలభై ఏళ్లు. పోప్ వారం ముందు అడిగి ఉంటే? చరిత్రలో ఇలాంటి 'ఉంటే'లు పొలంలో గడ్డి కన్నా ఎక్కువ, పీకుతూ కూర్చుంటే తెల్లారుతుంది.

1550లో వసారి వేసిన కళాకారుల జీవిత కథల పుస్తకంలో ఒక ఆడమనిషి పేరు మీద విడిగా ఉన్న అధ్యాయం ఇదొక్కటే. అక్కడా ఆయన ఆమె అందం గురించీ, ఫలించని ప్రేమ గురించీ చెప్పకుండా ఉండలేకపోయాడు. అయినా రాశాడు, అదే పదివేలు.

అన్నట్టు, లెక్కల విషయంలో వెయ్ షూయీ ఎంత నిజాయితీపరుడో తెలియాలంటే జర్మనీలో డ్రెస్డెన్ ఖజానాలో ఉన్న చెర్రీ గింజను చూడాలి. నాలుగు వందల ఏళ్ల పైబడింది. దాని పేరే '185 ముఖాల చెర్రీ గింజ'. తర్వాత ఎవరో ఓపిగ్గా లెక్కపెడితే 113 వచ్చాయి. రాజులకు ఇచ్చే కానుకల లెక్క ఎప్పుడూ కాస్త బలిసే ఉంటుంది.

రాజులూ పోప్‌లూ లేని చోట కూడా ఈ పని నడిచింది. అమెరికాలో అంతర్యుద్ధం రోజుల్లో బందీలుగా పడి ఉన్న సైనికులు పొద్దుపోక ఎముక ముక్కలూ టెంకలూ చెక్కారు. అక్కడి పల్లెల్లో తాతలు అరుగు మీద కూర్చుని మడత చాకుతో పీచ్ టెంకను పిడి ఉన్న చిన్న బుట్టగానో, కోతిగానో చెక్కి మనవళ్లకు ఇచ్చేవాళ్లు. అవి వేలల్లో ఉంటాయి. ఒక్కదాని మీద కూడా పేరుండదు.

మరి మన దేశం సంగతి? టెంకను మనం పారేస్తామని మొదట అన్నాను. ఒక్క టెంకను మాత్రం మెడలో వేసుకుంటాం. రుద్రాక్ష. చాలామంది దాన్ని గింజ అంటారు గానీ, నీలి రంగు పండు కండ తీసేస్తే మిగిలే టెంక అది. నేపాల్‌లో, ఇండోనేషియాలో పండుతుంది. పీచ్ టెంక లాగే గట్టిది, గాళ్లతో ఉంటుంది. కానీ ఇక్కడ న్యాయం తిరగబడింది. చైనాలో టెంకకు విలువ కత్తి పెట్టాక వస్తే, రుద్రాక్షకు విలువ కత్తి పెట్టనంత వరకే. ముఖాలు వాటంతట అవి రావాలి. ఎక్కువ ముఖాలున్నదానికి, ఏకముఖికి ధర ఎక్కువ కాబట్టి, ఐదు ముఖాల దానికి కొత్త గీతలు చెక్కి అమ్మేవాళ్లు, ఉన్న గీతలు పూడ్చేవాళ్లు, రేగు గింజను చెక్కి అంటగట్టేవాళ్లు తయారయ్యారు. పాము పడగలు, త్రిశూలాలు పుట్టుకతోనే ఉన్నాయని చూపించేవి కూడా చెక్కినవే. నీళ్లలో మునిగితే అసలుది అంటారు, ఆ పరీక్షను నమ్మకండి. ఎక్స్‌రే తీస్తే తెలుస్తుంది. లోపల గింజల గదులు ఎన్నున్నాయో పైన ముఖాలు సాధారణంగా అన్ని ఉంటాయి. అంత సన్నని పని చెయ్యగలిగిన చేతులు మన దగ్గరా ఉన్నాయన్నమాట. వాటికి దొరికిన బేరం మోసం ఒక్కటే. అలా చెక్కేవాడు తన పేరు చెక్కలేడు కదా.

చైనాలో ఇప్పుడు ఈ పని మళ్లీ లేచింది. 2008లో అక్కడి ప్రభుత్వం టెంక చెక్కుడును జాతీయ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. సుజౌ పక్కన గ్వాంగ్‌ఫు అనే చోట ఒక ఊరుకు ఊరే ఇదే పని చేస్తుంది, టెంకలేమో గ్వాంగ్‌డాంగ్ తోటల నుంచి వస్తాయి. చాకులతో పాటు కరెంటు డ్రిల్లులు, మెషీన్లు కూడా వచ్చాయి. మెషీన్ చెక్కినదానికీ చేతి పనికీ తేడా కొనేవాడు గుర్తుపట్టాలి. అక్కడా మళ్లీ అసలు, నకిలీ గొడవే.

నా సంగతి కూడా చెప్పి ముగిస్తాను. అరకిలో పీచ్ పండ్లకు వచ్చిన టెంకల్లో మూడింటి మీద అంటు కత్తితో ప్రయత్నించాను. మొదటిది చేతిలోంచి జారి కోళ్ల గూట్లోకి పోయింది. రెండోది నా ఎడమ బొటనవేలు కోసింది. మూడోదానికి రెండు సాయంత్రాలు కూర్చుని ఒక బెజ్జం పెట్టగలిగాను. కిటికీ అనుకోవాలి. వాంగ్ అలాంటివి ఎనిమిది పెట్టాడు, వాటికి తలుపులు బిగించాడు. ఆ టెంక ఇప్పుడు మా అరుగు మీద ఉంది. మా మనవరాలు దాన్ని చూసి చీమకు ఇల్లా తాతా అని అడిగింది. అవునన్నాను.

మీ ఊళ్లో టెంకలతో, గింజలతో ఏం చేసేవాళ్లో, వాటిని ఏ పేరుతో పిలిచేవాళ్లో కింద రాయండి. చేసినవాళ్ల పేరు గుర్తుంటే అది కూడా రాయండి.